సీతంపేట: కొండకీ పల్లానికీ మధ్య మన ఊరు

సీతంపేట పెద్ద ఊరు కాదు. పాలకొండలో బస్సెక్కితే గంట తిరక్కుండానే వచ్చేస్తుంది. దిగి నిలబడి చూస్తే చుట్టూ కొండలే. రోడ్డుకి అటూ ఇటూ కిరాణా కొట్లు, టీ బడ్డీలు, ఐటీడీఏ కార్యాలయం, ఆశ్రమ పాఠశాలలు, ఆసుపత్రి, గిరిజన సహకార సంస్థ డిపో. ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిస్తే అరగంట కూడా పట్టదు. అయినా దోనుబాయి, పొల్ల, కుసిమి, మర్రిపాడు వైపు కొండల మీద బతికే మాకు పట్నం అంటే ముందు గుర్తొచ్చేది ఈ ఊరే. రేషను కార్డు కావాలన్నా, కుల ధ్రువపత్రం కావాలన్నా, పిల్లని బడిలో వెయ్యాలన్నా, జ్వరం ముదిరిన మనిషిని డోలీలో దించాలన్నా దారి ఇటే.

మా పిల్లలు పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో చెబుతారు. సీతంపేట ఎప్పుడు ఏ జిల్లాలో ఉండేదంటే తలకాయలు దించుకుంటారు. తప్పు పిల్లలది కాదు. వాళ్ళకి చెప్పవలసిన మేమూ చాలాకాలం తెలుసుకోలేదు. అందుకే ఈ వ్యాసం. మనలాగే బళ్ళో పాఠం చెప్పేవాళ్ళకీ, డి.ఎడ్., డిగ్రీ చదివి ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఇది పనికొస్తే చాలు.

రెండు నదుల మధ్య

ముందు భూమి సంగతి. సీతంపేట కొండలు తూర్పు కనుమల్లో ఒక వరస. ఈ వరసకి తూర్పున వంశధార, పడమర నాగావళి. రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టి, మన పక్క నుంచి దిగి, శ్రీకాకుళం తీరాన సముద్రంలో కలుస్తాయి. భామిని, కొత్తూరు వైపు జారిన వాన నీరు వంశధారకి పోతుంది. వీరఘట్టం, పాలకొండ వైపు జారినది నాగావళికి పోతుంది. అంటే మన కొండ నడుం మీద పడిన వాన రెండుగా చీలి రెండు నదుల్ని నింపుతుంది. ఆ నీటికి హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, నాగావళి మీద తోటపల్లి బ్యారేజీ అడ్డం కట్టారు. కింద లక్షల ఎకరాల్లో వరి పండుతుంది. మంచిదే. కానీ ఆ వాన పడిన కొండ మీద వేసవిలో ఆడవాళ్ళు ఊట గెడ్డ దగ్గర గిన్నెతో నీళ్ళు తోడి బిందె నింపుకుంటున్నారు. భూగోళం పాఠంలో నదీ పరీవాహక ప్రాంతం అని చెప్పేటప్పుడు మనం ఈ బిందె గురించి కూడా చెప్పాలి.

ఊర్ల పేర్లు చూడండి. కొండ మీద ఎక్కువ పేర్ల చివర గూడ ఉంటుంది. దిగువకొచ్చేసరికి వలస అని, పేట అని ఉంటుంది. గూడ అంటే నాలుగిళ్ళు చేరిన చోటు. వలస అంటే ఎక్కడి నుంచో వచ్చి కట్టుకున్న ఊరు. పేట అంటే అమ్మకం కొనుగోలు జరిగే చోటు. సీతంపేట పేరులోనే వర్తకం ఉంది. పటం మీద వేలు పెట్టి ఈ మూడు రకాల పేర్లూ పిల్లల చేత రంగులతో గుర్తు పెట్టిస్తే, ఎవరు ముందు ఉన్నారు, ఎవరు తర్వాత వచ్చారు, సరుకు ఎక్కడ చేతులు మారింది అన్నది వాళ్ళకే కొంత తెలిసిపోతుంది.

ఈ కొండల్లో ఎక్కువ మంది సవరలు, జాతాపులు. గదబలు, ఇంకొన్ని తెగల వాళ్ళూ ఉన్నారు. సవర భాష తెలుగు కుటుంబం కాదు, ఒడియా కుటుంబమూ కాదు. అది ముండా భాష. సంతాలీ, ముండారీ దానికి చుట్టాలు. జాతాపుల పెద్దలది కువి భాష, అది ద్రావిడ కుటుంబం. ఇప్పుడు జాతాపులు చాలామంది తెలుగే మాట్లాడుతున్నారు. ఒకే సంతలో రెండు భాషా కుటుంబాల వాళ్ళు పక్కపక్కన కూర్చుని చింతపండు అమ్ముకోవడం అంటే చిన్న విషయం కాదు.

పాత కాలం

శబరుల పేరు ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులు, పుండ్రులు, పుళిందులతో కలిపి వస్తుంది. అంటే తెలుగువాళ్ళు తమ పేరు మొదట కనబడిందని చెప్పుకునే చోటే మన పేరు కూడా ఉంది. ఒకే వరసలో ఉన్న రెండు పేర్లలో ఒకటి పాఠమైంది, రెండోది కథలో అడవి మనిషిగా మిగిలింది. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం గుడి స్థలపురాణంలో కూడా ఒక సవర, అతని ఇద్దరు భార్యలు, ఒక ఇప్ప చెట్టు ఉంటాయి. ఆ దేవుడు మధుకేశ్వరుడు, మధుకం అంటే ఇప్ప. గుడి పెద్దదైంది, రాజులు మారారు, కథలో చెట్టు మాత్రం సవరదే.

కుంఫిణీ పాలన నాటికి ఈ కొండలు పాలకొండ జమీను కింద ఉండేవి. 1830 ప్రాంతాల్లో పాలకొండ, పర్లాకిమిడి జమీల్లో తిరుగుబాట్లు లేచాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని పంపింది. పాలకొండ జమీను 1833లో రద్దయింది. రస్సెల్ సలహా మీదే 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్లో మామూలు చట్టాలు కాకుండా కలెక్టరే గవర్నరుకి ఏజెంటుగా పాలిస్తాడని అందులో రాశారు. మనం ఈనాటికీ వాడే ఏజెన్సీ అన్న మాట అక్కడి నుంచి వచ్చింది. ఈ మాట మన భాషలది కాదు. మనల్ని దూరం నుంచి పాలించడానికి పెట్టుకున్న మాట.

పాలకొండ భూముల్ని తర్వాత ఆర్బత్‌నాట్ అనే ఇంగ్లీషు కంపెనీకి కౌలుకిచ్చారు. 1892 వరకు శిస్తు వసూలు ఆ కంపెనీదే. ఇంతలో 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండకి గీత గీసి, గీతకి లోపలది రిజర్వు అన్నారు. మన తాతలు సామ, కొర్ర, చోడి, కంది కలిపి చల్లుకుని, రెండు మూడేళ్ళు పండించి, ఆ చెక్కని పడుకోబెట్టి ఇంకో చెక్కకి పోయేవారు. దాని పేరు పోడు. చట్టం దానికి పెట్టిన పేరు నేరం. ఇంటికి కాచుకునే సారా, జీలుగు కల్లు మీద కూడా పన్ను వచ్చింది. 1900లో సాలూరు దగ్గర కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య చుట్టూ వేల మంది కొండవాళ్ళు చేరారు. వాళ్ళ చేతుల్లో వెదురు తుపాకులు. మంత్రంతో అవే నిజం తుపాకులవుతాయని నమ్మారు. పోలీసులవి నిజమైన తుపాకులు. ఆ నమ్మకాన్ని చూసి నవ్వడం తేలిక. అంత నమ్మకానికి మనుషుల్ని నెట్టిన కష్టం ఏమిటో గెజిటీరులో వెతికితే అరకొరగా దొరుకుతుంది.

ఇక్కడ ఒక్క మాట పక్కకి పోదాం. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల మీద కెచువా, ఐమారా మాట్లాడే ఆదివాసులున్నారు. వాళ్ళు పైన బంగాళాదుంప, నడుమ మొక్కజొన్న, కింద వేడి లోయల్లో కోకా పండించి, ఎత్తుకో పంట చొప్పున బతికారు. కొండవాలుకి రాతి గోడలు కట్టి మెట్లుగా మడులు చేశారు. మన సవరలు గెడ్డ వాలున రాళ్ళు పేర్చి కట్టిన వరి మడులు చూసిన వాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. 1570ల్లో స్పెయిను వైస్రాయి టొలేడో చెదురుమదురుగా ఉన్న ఆ గూడేలన్నిటినీ చేర్చి చిన్న పట్నాలు కట్టించాడు. పన్ను కట్టేవాళ్ళని, పొటోసి వెండి గనిలో వెట్టికి పంపేవాళ్ళని లెక్కపెట్టడానికి అది సులువు. అలా కట్టిన ఊళ్ళలోనే తర్వాత ఆదివాసుల సంతలు, పండగలు, సంఘాలు పెరిగాయి. చివరకు 1975లో పెరూ దేశం కెచువాని అధికార భాషగా గుర్తించింది. సీతంపేట సంగతీ ఇలాంటిదే అనుకుంటాం. సావుకారు కోసం, ఆఫీసు కోసం ఊరు పెరిగింది. దాన్ని మన ఊరుగా చేసుకోవడం మన వంతు.

ఊరు కదల్లేదు, గీతలు కదిలాయి

మన పెద్దల్లో వందేళ్ళు బతికిన వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు ఇల్లు మారకుండానే ఎన్నో చిరునామాలు మార్చినట్టు. మొదట మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా.

వీటన్నిటికంటే మనల్ని ఎక్కువ కోసిన గీత 1936 ఏప్రిల్ 1 నాటిది. ఆ రోజు ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి, గుణుపురం అటు పోయాయి. సవర దేశం నడిమధ్య నుంచి రాష్ట్ర సరిహద్దు నడిచింది. మేనత్త అటు, మేనల్లుడు ఇటు. అటు పిల్లలు ఒడియాలో చదువుకుంటారు, ఇటు పిల్లలు తెలుగులో. అదే సంవత్సరం అటువైపు మంగేయి గమాంగ్ సవర భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. మన పిల్లల్లో చాలామంది ఆ అక్షరాల్ని చూడనైనా లేదు.

ఆ గీత వల్లే ఊరు విడిచిన ఇంకొకాయన ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి. ఆగస్టు 29 రాగానే మన బళ్ళలో ఆయన ఫోటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి బడులు పెట్టించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడం ఇష్టంలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. జనం నోట ఆడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని వాదించిన మనిషి సవర పిల్లవాడి నోట ఆడే మాటకి కూడా పుస్తకం రాశాడు. రెండూ ఒకే న్యాయం. దండ వేసేటప్పుడు మొదటిది చెప్పి రెండోది మానేస్తున్నాం. ఈ ఏడాది నుంచి రెండూ చెబుదాం.

సంత, సావుకారు, పోరాటం

సీతంపేట సంత సోమవారం. తెల్లవారకముందే కొండ దిగిన వాళ్ళు బుట్టలు దించుతారు. కాలాన్ని బట్టి చింతపండు, పసుపు, కందులు, కొండచీపుర్లు, అడ్డాకులు, సీతాఫలాలు, పైనాపిల్, జీడి పిక్కలు. పక్కన ఉప్పు, ఎండుచేప, బట్టలు, సబ్బులు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మన చరిత్రలో ఎక్కువ భాగం నడిచింది.

పల్లం నుంచి వచ్చిన సావుకారు మొదట ఉప్పు, పొగాకు అరువిచ్చాడు. తర్వాత పెళ్ళికి, చావుకి నాలుగు కుంచాల ధాన్యం అప్పిచ్చాడు. వడ్డీ పెరిగింది. పంట పోయింది, తర్వాత చెట్టు పోయింది, తర్వాత మడి పోయింది, చివరకు కొడుకు సావుకారు ఇంట కంబారిగా చేరాడు. కాగితం మీద దీన్ని ఆపే చట్టాలు ఉన్నాయి. 1917 చట్టం ప్రకారమే ఏజెంటు అనుమతి లేకుండా కొండవాళ్ళ భూమి బయటివాళ్ళకి పోకూడదు. 1959లో ఇంకో నిబంధన వచ్చింది. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. చట్టం ఊళ్ళోకి రావడానికి మాత్రం ఎవరో నడిచి వెళ్ళి చెప్పాలి.

చెప్పినవాళ్ళు బడిపంతుళ్ళు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఈ జిల్లా ఏజెన్సీలో పనిచేస్తూ గిరిజన సంఘాన్ని నిలబెట్టారు. కూలీ పెంచమని, వెట్టి ఆపమని, తీసుకున్న భూములు తిరిగి ఇమ్మని సంఘం అడిగింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల్ని లేవిడి దగ్గర భూస్వాములు అటకాయించారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు కాల్పుల్లో చనిపోయారు. ఆ కేసులో నిందితుల్ని మరుసటేడాది కోర్టు విడుదల చేసింది. తర్వాత జరిగిన సాయుధ పోరాటం, పోలీసు క్యాంపులు, ఎదురుకాల్పులు చాలామంది రాశారు. 1970 జూలై 10న సత్యం, కైలాసం చనిపోయారు. ఆ దారి తప్పా ఒప్పా అన్నది మన ఇళ్ళల్లోనే రెండు రకాలుగా చెప్పుకుంటారు. పోలీసు దెబ్బ తిన్న ఇల్లూ ఉంది, దళానికి భయపడిన ఇల్లూ ఉంది. మేము తీర్పు చెప్పబోవడం లేదు. ఒక్కటి మాత్రం తేదీలే చెబుతాయి. భూబదలాయింపు నిబంధనని గట్టిచేసిన 1/70, గిరిజనుల అప్పుల మీద ఊరట నిబంధన 1970లోనే వచ్చాయి. దేశంలో మొదట పెట్టిన కొద్ది గిరిజనాభివృద్ధి ఏజెన్సీల్లో శ్రీకాకుళం ఒకటి. తర్వాత ఐటీడీఏ వచ్చింది. సీతంపేటలో ఈ రోజు కనబడే ఆఫీసు గోడల వెనుక కోరన్న, మంగన్న ఉన్నారు. వాళ్ళ పేర్లు ఆ గోడల మీద లేవు.

ఆఫీసు ఊరు, బడి ఊరు

ఐటీడీఏతో ఊరి రూపు మారింది. రోడ్లు వచ్చాయి, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. పోడు చెక్కల్లో జీడి మొక్కలు వేశారు. జీడి డబ్బు చూపించింది, నిజమే. కానీ సామ, కొర్ర వెనక్కి పోయాయి. తినే పంట పోయి అమ్మే పంట వచ్చాక ధర మన చేతిలో లేదు. పైనాపిల్ పండే రెండు నెలలూ సంతలో దళారి చెప్పిందే రేటు. సాయంత్రం బస్సు తప్పితే పండు కుళ్ళిపోతుంది కాబట్టి ఇచ్చింది పుచ్చుకుని పోతాం. తూకం కుంచం నుంచి కాటాకి మారింది. అడిగే ధైర్యం ఇంకా పూర్తిగా రాలేదు. ఇప్పుడు ఆడలి కొండ మీదకి, మెట్టుగూడ జలపాతానికి సెలవు రోజుల్లో కార్లు వస్తున్నాయి. ఆ రాకపోకల్లో మన వాళ్ళకి ఏం మిగులుతుందో ఊరే చూసుకోవాలి.

2022లో జిల్లాలు చీలినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. సీతంపేట మన్యం జిల్లాలోకి వచ్చింది. ఈ ఐటీడీఏ చూసుకునే మందస, మెళియాపుట్టి కొండ గూడేలు శ్రీకాకుళం జిల్లాలో ఉండిపోయాయి. ఐదో షెడ్యూలు గీత కూడా మన గూడేలన్నిటినీ చుట్టలేదు. ఒకే కొండ మీద ఒక గూడెం షెడ్యూలు లోపల, పక్క గూడెం బయట. బయట ఉన్న గూడేనికి 1/70 లేదు, 1996 పెసా లేదు. 1997 సమత తీర్పు షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం గిరిజనేతరులకి కౌలుకివ్వకూడదని చెప్పింది. ఆ తీర్పు నీడ ఆ గూడెం దాకా రాదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం రెండింటికీ వర్తిస్తుంది. అందుకే గీతకి బయట ఉన్న వాళ్ళు ఆ పట్టాల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇక బడి. మేము చదువుకున్న ఒక హాస్టల్లో సవర మాట్లాడితే చేతి మీద బెత్తం పడేది. మాస్టారు చెడ్డవాడు కాదు, తెలుగు రావాలనే ఆయన తపన. దెబ్బ తిన్న పిల్లవాడు మాత్రం తెలుగుకి ముందు మౌనం నేర్చుకున్నాడు. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. షెడ్యూలు ప్రాంతంలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని అది చెప్పింది. మాలో చాలామంది ఉద్యోగం ఎక్కింది దానివల్లే. అప్పుడు మొదటిసారి ఒకటో తరగతి పిల్ల ఏడిస్తే ఎందుకు ఏడుస్తుందో అర్థమయ్యే పంతులు బడిలో ఉన్నాడు. తర్వాత కొన్నేళ్ళకి సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి భాషల్లో తెలుగు లిపితో వాచకాలు కూడా వచ్చాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషను చెల్లదంది. అప్పటికే చేరిన వాళ్ళ ఉద్యోగాలు నిలిచాయి. ఈ రోజు డి.ఎడ్. చేసి సంతలో పైనాపిల్ బుట్టలు లెక్కపెడుతున్న మా తమ్ముళ్ళకి ఆ తలుపు మూసుకుంది. ఇది ఉద్యోగాల లెక్క ఒక్కటే అయితే ఇంత బాధపడం. పిల్ల ఏడుపు అర్థంకాని బడి మళ్ళీ వస్తుందేమోనన్నది మా భయం.

మనం చెయ్యగలిగింది

కోర్టులో, సచివాలయంలో చెయ్యవలసిన పని సంఘాలు చేస్తున్నాయి. బడిలో చెయ్యగలిగింది మనం చెయ్యాలి. ప్రతి బడిలో ఒక నోటు పుస్తకం పెడదాం. దాని మీద ఆ గూడెం పేరు రాద్దాం. పిల్లలు ఇళ్ళకి వెళ్ళి అడగాలి: మనం ఎక్కడి నుంచి వచ్చాం, ఈ గెడ్డ పేరేంటి, సవరలో దాన్నేమంటారు, ఏ మడి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయింది, బడి ఎప్పుడు పెట్టారు, మొదట చదివింది ఎవరు. పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి. కంది కొత్తల పండగ నాడు తాత చెప్పే మాటలు, సవర ఇంటి గోడ మీద బొమ్మలో ఏముందో అమ్మమ్మ చెప్పే వివరం, అన్నీ అందులోకి రావాలి. భూమి సంగతి రాసినప్పుడు పక్కన సర్వే నంబరు కూడా రాసుకుంటే రేపు అది పనికొస్తుంది.

ఇలాంటి పుస్తకాలు ఇరవై చేరితే సీతంపేట చరిత్ర అవుతుంది. ఇప్పటిదాకా ఆ చరిత్ర కలెక్టరు రాశాడు, అటవీ అధికారి రాశాడు, పోలీసు రాశాడు. వాళ్ళు రాసినవాటిలో మన పేర్లు ఉన్నాయి, మన మాట లేదు. ఆ మాట చెప్పగల తాతలు, అమ్మమ్మలు ఏటా కొందరు తగ్గిపోతున్నారు. వచ్చే సోమవారం సంతకి వెళ్ళినప్పుడు చీపుర్ల కట్ట పక్కన కూర్చున్న ముసలమ్మని ఒక్క ప్రశ్న అడిగి రండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.